మేడ మీద గది

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకి చెప్పాల్సి వచ్చినప్పుడు "అచ్చు తయారుచేస్తానమ్మా" అన్నాను. "కజ్జికాయల చెక్క లాంటిదా?" అంది. అలాంటిదే. ఒక కంప్యూటర్ని అన్ని విధాలా సిద్ధం చేసి, దాని నకలు తీసి, వందల కంప్యూటర్లలోకి దించుతాం. ఆ నకలునే మేం ఇమేజ్ అంటాం. తీసేముందు ఆ కంప్యూటరు సొంత గుర్తింపుని చెరిపెయ్యాలి. ఆ పని చేసేది సిస్‌ప్రెప్ అనే ప్రోగ్రాము.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. అప్పుడు నేను మిషిగన్‌లో బళ్ళకి కంప్యూటర్లు చూసేవాణ్ణి. లేబర్ డే మర్నాడు, సెప్టెంబరు 8న, బళ్ళు తెరుస్తారు. ఈలోగా ల్యాబుల్లో నాలుగువందల కంప్యూటర్లకి కొత్త విండోస్ వెయ్యాలి.

నా దగ్గర విండోస్ 7 అచ్చు ఒకటి ఉంది. నెలనెలా రెండో మంగళవారం వచ్చే ప్యాచులన్నీ వేస్తూ నాలుగేళ్ళుగా సాకుతున్నాను. కొత్తది కట్టడం ఎందుకు, దీన్నే అప్‌గ్రేడ్ చేస్తే పోలా అనుకున్నాను. అప్‌గ్రేడ్ చక్కగా అయింది. సిస్‌ప్రెప్ మొరాయించింది. లాగ్ ఫైలు చూస్తే, అప్‌గ్రేడ్ అయిన సిస్టమ్ మీద నడవను, కొత్తగా వేసినదైతేనే నడుస్తానని ఉంది. (మరుసటి ఏడు వచ్చిన 1607 వెర్షనుతో ఆ పట్టు సడలింది.) బడికి ఇంకా తొమ్మిది రోజులే.

ఖాళీ వర్చువల్ మెషీను తెరిచి మొదటినుంచీ మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, పాత అచ్చులో ఏమేం పెట్టానో నాకే గుర్తులేదని. ఎప్పుడో పారేసిన ప్రింటరు డ్రైవరూ, రిటైరైన టీచరుగారి కోసం చేసిన సెట్టింగూ కూడా అందులో ఉన్నాయి. అచ్చు దాచుకున్నాను గానీ, దాని తయారీ రాసుకోలేదు! ఈసారి ప్రతి అడుగూ స్క్రిప్టులో రాశాను. స్టోరు యాప్‌లు వాటంతట అవే అప్‌డేట్ అయి సిస్‌ప్రెప్‌ని చెడగొట్టకుండా నెట్ తీసేశాను. బడి తెరిచేసరికి పని అయింది. అప్పట్నుంచీ నాదొకటే పద్ధతి. నెలవారీ ప్యాచులైతే డిజ్మ్‌తో ఇమేజ్‌లోకే ఎక్కిస్తాను. వెర్షను మారితే మాత్రం కొత్త మీడియా, అదే స్క్రిప్టు, మళ్ళీ మొదటినుంచి.

ఆ డిసెంబరులో ఇండియా వెళ్ళాను. అంతకుముందు ఏడాదే డబ్బు పంపించి అమ్మకోసం మేడ మీద గది కట్టించాను. గాలీ వెలుతురూ ఉండాలని రెండువైపులా కిటికీలు పెట్టించాను. వెళ్ళేసరికి ఆ గదికి తాళం వేసుంది. అమ్మ మంచం కింద వసారాలో ఉంది.

"మోకాళ్ళన్నయ్యా. మెట్లెక్కి రెండేళ్ళయింది" అన్నాడు తమ్ముడు.

"నాకు చెప్పలేదేమే అమ్మా?"

"నువ్వు ఆ కిటికీల గురించి అంత సంబరంగా చెబుతుంటే ఎలా చెప్పనురా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తూనే ఉన్నాను. బీపీ మాత్రలూ కళ్ళజోడు నంబరూ అన్నీ తెలుసు. కానీ నా మనసులో ఉన్న అమ్మ, నేను 1999లో విమానం ఎక్కిననాటి అమ్మే. పొద్దున్నే డాబా ఎక్కి వడియాలు పెట్టే మనిషి. ఫోన్లో విన్నవన్నీ ఆ పాత బొమ్మమీదే అతికించుకుంటూ వచ్చాను. గది కట్టించింది ఆ బొమ్మకి.

సెలవు అయ్యేలోపు మేడ మీద ఫ్యాను విప్పించి వసారాలో బిగించాం. స్నానాలగదిలో పట్టుకోడానికి ఇనప కమ్మీ వేయించాను.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అంతకు ముందే విండోస్ 11 ఇమేజ్ కట్టేశాను, ఖాళీ డిస్కు మీదే.

అమ్మకి ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నావు" అని అడగడం మానేశాను. దానికి "బాగానే ఉన్నాను" అన్న జవాబొకటే వస్తుంది. "పొద్దున్న లేచాక ఏం చేశావు?" అని మొదలుపెడతాను. ఎవరి చెయ్యి పట్టుకుని లేచిందీ, పెరట్లోకి ఎంతసేపట్లో వెళ్ళిందీ అప్పుడు బయటికొస్తాయి. "నా కాఫీ కబుర్లు నీకెందుకురా?" అని విసుక్కుంటూనే చెబుతుంది.