50 మిల్లీమీటర్లు ఎవరి గుండెకి?

సాహిత్యం పాఠం చెప్పేవాడికి గుండె రిపోర్టులతో ఏం పని అని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడిగారు. పని ఉంది. ఆస్పత్రి కాగితం కూడా ఒక పాఠ్యమే. ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో, ఎవరిని మర్చిపోయారో అందులోనూ వెతకాలి.

ఫ్రెంచి కవి ఆల్ఫ్రెడ్ ద ముస్సే తల, గుండె కొట్టుకున్నప్పుడల్లా సన్నగా ఊగేది. ఆ సంగతి ఆయన అన్న రాసిపెట్టాడు. బృహద్ధమని కవాటం లీకయ్యే జబ్బులో కనిపించే ఈ లక్షణానికి వైద్యులు ఆ కవి పేరే పెట్టారు. మా పెద్దమ్మ తల కూడా అలాగే ఊగేది. పొగాకు గ్రేడింగులో మేస్త్రి, "ఏమే, చెప్పకముందే తలూపుతున్నావ్" అని నవ్వేవాడు. కవి తల ఊగితే వైద్యశాస్త్రంలో పేరైంది. మాదిగ ఆడమనిషి తల ఊగితే అణకువ అనుకున్నారు.

గుండె ఎడమ జఠరిక నుంచి రక్తం బృహద్ధమనిలోకి పోయేచోట మూడు రెక్కల కవాటం ఉంటుంది. రక్తం పోగానే అది మూసుకోవాలి. సరిగ్గా మూసుకోకపోతే కొంత రక్తం వెనక్కి వస్తుంది. దాన్ని మళ్లీ తోడాలి. ఆ బరువుకి జఠరిక సాగుతుంది, పెద్దదవుతుంది, ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా మోస్తుంది. ఆయాసం బయటపడేసరికి కండరం బాగా దెబ్బతిని ఉండొచ్చు.

డాక్టరు గారు అడిగారు: "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా?" పెద్దమ్మ జవాబు: "ఏం లేదయ్యా." మా ఇంట్లో మెట్లెక్కడివి? కూలికి పోయినచోట "నాకు బాలేదు" అంటే రేపటి పని ఉండదు. నలభై ఏళ్లు అలా బతికిన నోరు ఆస్పత్రిలో మాత్రం ఎలా తెరుచుకుంటుంది?

అందుకే ఎకో అంటే నాకు గౌరవం. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు, లోహంలో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని గుండె మీద పెట్టి చూశారు. అది రోగి మొహమాటాన్ని దాటి లోపలికి చూస్తుంది. లీకు ధార అతి సన్నని చోట 6 మిల్లీమీటర్లు మించినా, ఒక్కో కొట్టుకు 60 మిల్లీలీటర్లో అంతకుమించో వెనక్కి వచ్చినా, తోడిన దాంట్లో సగం తిరిగొచ్చినా లీకు తీవ్రమైనదనడానికి అవి గుర్తులు. ఒక్క అంకెతో తేల్చరు, అన్నీ కలిపి చూస్తారు. ఎకో బొమ్మ స్పష్టంగా లేకపోయినా, అంకెలు ఒకదానికొకటి పొసగకపోయినా ఎంఆర్ఐ తీస్తారు. బృహద్ధమనిలో ముందుకి ఎంత పోయింది, వెనక్కి ఎంత వచ్చింది అనేది అది నేరుగా కొలుస్తుంది.

తీవ్రమైన లీకు ఉండి ఆయాసం ఉంటే ఆపరేషన్ అవసరమే. ఆయాసం లేదన్నా, జఠరిక తోడే శక్తి 55 శాతానికి దిగితే ఆపరేషన్ చెబుతారు. ముడుచుకున్నప్పుడు జఠరిక వెడల్పు 50 మిల్లీమీటర్లు దాటినా ఆలోచిస్తారు. పెద్దమ్మది 42. "ఇంకా 50 రాలేదు, మందులు వాడండి" అన్నారు మొదట చూపించినచోట.

రెండోచోట ఒక యువ డాక్టరమ్మ ముందు పెద్దమ్మ ఎత్తు, బరువు రాసుకుంది. 45 కిలోలు. ఒంటి వైశాల్యం దాదాపు 1.4 చదరపు మీటర్లు. వెడల్పుని దానితో భాగిస్తే 30. చిన్న శరీరాలకి హద్దు 25 అని అదే వైద్యశాస్త్రం చెబుతుంది. అంటే పెద్దమ్మ గుండెకి గీత 35 దగ్గరే ఉంది. అది ఎప్పుడో దాటిపోయింది. నియమం పుస్తకంలో ఉంది, మా మనిషి దాకా రాలేదు. కవాటం మార్చారు. తల ఊగడం ఆగింది.

ఈ జబ్బుకి కారణాలు చాలా ఉన్నాయి. మన వాడల్లో వెతకాల్సింది రుమాటిక్ జ్వరం. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునేచోట పిల్లల గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. దానికి సరైన మందు పడకపోతే కొందరికి కీళ్లు వాచి జ్వరం వస్తుంది, అది కవాటాలని తినేస్తుంది. ఒకసారి ఆ జ్వరం వచ్చిన పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇస్తే మళ్లీ రాకుండా కాపాడొచ్చు. ఆపరేషన్‌తో పోలిస్తే అది కారుచౌక. గుండె కోతకి పథకం ఉండటం మంచిదే. గొంతునొప్పి దగ్గరే ఆపమని అడగడం మన హక్కు.

విద్యార్థి మిత్రులారా, సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఎకో రిపోర్టు ఉంటే తీసి చదవండి. జఠరిక వెడల్పు ఎంత, తోడే శక్తి ఎంత, లీకు ఎంత, ఎత్తూ బరువూ రాశారా లేదా చూడండి. రాయకపోతే డాక్టరుని మర్యాదగా అడగండి. "ఏం లేదయ్యా" అనే అమ్మల పక్కన ప్రశ్న అడిగే మనిషి ఒకరు కూర్చోవాలి. మన చదువుకి ఆ పనీ ఉంది.

జై భీమ్.