సర్దే బోల్టు, జరిగే బోల్టు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ ముచ్చట లేని ఇల్లు దొరకడం కష్టం. నేను కార్ల పని నేర్చుకున్నదీ గల్ఫ్‌లోనే, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో. కారును కిందికి దించి నడపడం అక్కడి కుర్రాళ్లకు మహా సరదా. ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు, రెన్యువల్ దగ్గరపడితే కంపెనీ స్ప్రింగులు వేయించుకుని పాసింగ్‌కు పోయేవాళ్లు, పాసయ్యాక మళ్లీ పొట్టి స్ప్రింగులతో తిరిగేవాళ్లు. ఇప్పుడు కొడిమ్యాలలో నా షెడ్డుకూ అదే సరదాతో వచ్చేవాళ్లున్నారు. సరదా ఒకటే, రోడ్లే వేరు.

కారు దించగానే చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది. అది నెగెటివ్ క్యాంబర్. లోయర్ ఆర్మ్ ఒక వంపులో, టై రాడ్ ఇంకో వంపులో కదులుతాయి కాబట్టి టో కూడా తప్పుతుంది, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరుగుతాయి. టైరు లోపలి అంచు అరిగిందంటే అందరూ క్యాంబర్‌నే తిడతారు గానీ, టైరును ఎక్కువగా తినేది టో. 15 అంగుళాల రిమ్ము మీద ముందు అంచుకూ వెనుక అంచుకూ 1.5 మిల్లీమీటర్లు తేడా ఉంటే, ఆ చక్రం కిలోమీటరు నడిచేసరికి దాదాపు 4 మీటర్లు పక్కకు రుద్దుకున్నట్టే.

మొన్నామధ్య కోరుట్ల తమ్ముడొకడు పాత హోండా సివిక్ తెచ్చాడు. 2006 నుంచి 2013 దాకా మన దేశంలో అమ్మిన మోడల్. ఆన్‌లైన్‌లో స్ప్రింగులు తెప్పించుకుని దించుకున్నాడు.

"అన్నా, ఎనుక టైర్లు కొత్తయి ఏసిన. మళ్ల లోపటి దిక్కు వైర్లు తేలినయ్. అలైన్‌మెంట్ చేపిచ్చిన కాయితం గూడ ఉన్నది."

కాగితంలో ముందు చక్రాల గళ్లు పచ్చగా ఉన్నాయి, వెనుకవి ఎర్రగా. "ఎనుక అడ్జస్ట్‌మెంట్ లేదని చెప్పిన్రు" అన్నాడు. సగం నిజమే. ఆ కారుకు వెనుక టో సర్దుకునే బోల్టు కంపెనీయే ఇచ్చింది, క్యాంబర్ సర్దుకునేదే ఇవ్వలేదు. అందుకే పొడవు పెంచి తగ్గించుకునే అప్పర్ ఆర్ములు బయట అమ్ముతారు. ముందు వైపుకైతే క్యాంబర్ బోల్టు చాలు. స్ట్రట్‌ను చక్రం మోసే నకిల్‌కు బిగించే రెండు బోల్టుల్లో ఒకటి తీసి, నడుమ ఉబ్బు ఉన్న బోల్టు వేస్తాం. అది తిప్పితే చక్రం ఒకటి, ఒకటిన్నర డిగ్రీల దాకా నిలబడుతుంది. స్విఫ్ట్ లాంటి వాటికి వెనుక టోర్షన్ బీమ్ ఉంటుంది, అక్కడ మార్చడానికి ఆర్మే లేదు. బీముకూ హబ్బుకూ నడుమ వాలుగా కోసిన షిమ్ము పెట్టాల్సిందే.

కొత్త పార్టు డబ్బా విప్పే ముందు పాతవి చూస్తాను. బుష్షులు పగిలాయా, బాల్ జాయింట్ ఆడుతున్నదా, టై రాడ్ ఎండ్ లూజా? వాటిలో ఆట ఉంటే పైన ఎంత ఖరీదైన ఆర్మ్ వేసినా రీడింగ్ నిలబడదు. టైర్లలో గాలి సరిచేసి, బండిని సమమైన గచ్చు మీద పెట్టి కొలుస్తాను. 3డీ అలైన్‌మెంట్ మిషన్ కోసం చివర్లో ఎలాగూ పట్నానికి పోవాలి. షెడ్డులో నాకు నైలాన్ దారం, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండు చాలు. దారం బండికి రెండు పక్కలా సమాంతరంగా కట్టి రిమ్ము ముందు అంచు దూరం, వెనుక అంచు దూరం చూస్తే టో తెలుస్తుంది. గుండు వేలాడదీసి రిమ్ము పై అంచు, కింది అంచు కొలిస్తే క్యాంబర్. 15 అంగుళాల రిమ్ముకు దాదాపు 6.6 మిల్లీమీటర్లు ఒక డిగ్రీ. ఆ సివిక్ వెనుక చక్రాలకు 18 దాకా వచ్చింది. రెండున్నర డిగ్రీలు దాటిందన్నమాట.

ఆర్ము మార్చడంలో కష్టం తుప్పుతోనే. ముందురోజు సాయంత్రమే బోల్టులకు నూనె కొట్టి వదిలేస్తాను. పొద్దున పానాకు పైపు తగిలించి, ముందు కొంచెం బిగువు వైపు, తర్వాత వదులు వైపు గుంజుతాను. కర్రుమని ఒక్క చప్పుడు వస్తే వచ్చినట్టే. కొత్త ఆర్మును పాతదాని పక్కన పెట్టి అదే పొడవుకు తిప్పి ఎక్కిస్తాను, అక్కడి నుంచి సర్దుతాను. ఎంత తిప్పినా మర లోపల చాలినంత మిగలాలి. అంచు మీద నిలిచిన మరను నమ్ముకుని జనాన్ని ఎక్కించలేం.

పని నేర్చుకునే పిల్లలకు నేను పదేపదే చెప్పేది బిగించే తీరు గురించి. బండి జాకీ మీద వేలాడుతుండగా రబ్బరు బుష్షు బోల్టులు ఫైనల్ బిగింపు చేయొద్దు. చక్రం కిందికి వేలాడినప్పుడు బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు తడి తువ్వాల పిండినట్టు మెలిపడి ఉంటుంది. కొన్నాళ్లకే చీలుతుంది. చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి, బరువంతా చక్రాల మీద పడ్డాక టార్క్ పానాతో బిగించాలి. తర్వాత నట్టు మీద నుంచి ఆర్ము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత. గీత విరిగి కనిపిస్తే నట్టు జరిగినట్టు.

సర్దడానికీ వరుస ఉంది. మొదట వెనుక చక్రాలు, తర్వాత ముందువి. క్యాంబర్ మారిస్తే టో మారుతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖరికే.

ఇంత చేసినా అసలు పరీక్ష రోడ్డు మీదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లల్లో జనం వేసుకున్న సిమెంటు గడ్డలకు ఆ లెక్క తెలవదు. కోతలప్పుడు రోడ్డు సగం వడ్లతో నిండిపోతుంది, చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా లారీ వస్తే ఒక పక్క చక్రాలు మట్టిలోకి దిగాల్సిందే. కొండగట్టు అంజన్న దగ్గరికి ఐదుగురితో ఘాట్ ఎక్కితే వెనుక భాగం ఇంకా కుంగుతుంది, ఆ కుంగుడుకు క్యాంబర్ మళ్లీ పెరుగుతుంది. అందుకే సివిక్‌కు గీతకు గీత సున్నా పెట్టలేదు, డిగ్రీ చిల్లర నెగెటివ్ ఉంచి టో మాత్రం కచ్చితంగా కొట్టాను. స్ప్రింగులు కూడా ఇంకాస్త ఎత్తువి వేసుకొమ్మన్నాను.

చట్టం సంగతీ ముందే చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రెండూ బండిని కంపెనీ ఇచ్చిన లెక్కకు విరుద్ధంగా మార్చొద్దనే అంటున్నాయి. పాత స్ప్రింగులు పారేయకండి అనేది అందుకే.

కంపెనీ ఆ అప్పర్ ఆర్మును ఒకే పొడవుతో చేసిందంటే, అది ఎన్నేళ్లయినా జరగొద్దనే. మనం దాని జాగాలో సర్దుకునేది పెడుతున్నాం. సర్దడానికి వీలున్నదేదైనా దానంతటది జరగడానికీ వీలున్నదే. క్యాంబర్ బోల్టు ఆ ఉబ్బు తప్ప మిగతా చోట అసలు బోల్టు కంటే సన్నం, పట్టు మొత్తానికి బిగింపే ఆధారం. ఒక గట్టి గుంతలో పడితే ఆ పట్టు జారొచ్చు. పార్టు కొనడంతో కారు నిటారు కాదు, దాన్ని చూసుకునే పని అప్పుడే మొదలవుతుంది.

కోరుట్ల తమ్ముడికి చెప్పాను, "500 కిలోమీటర్లు తిరిగినంక రావాలె, పైసల్ తీసుకోను, గీతలు చూస్త." రానని ముందే అనేవాడికి ఈ పార్టులు నేను వేయను. కంపెనీ స్ప్రింగులు మళ్లీ వేసి పంపిస్తాను.