నాల్ తీసేసిన గిట్ట



మొన్న మా ఫొటో చూసి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మీరు హసన్‌పర్తిల చదువుకుంటున్నరా, గుర్రాలు కాస్తున్నరా?" అని. మేము తప్పు పట్టలేదు తమ్మీ. రెండూ చేస్తున్నం. ఒక ముక్కలో జవాబు చెప్దామంటే సరిపోలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నం. ఓపికతో చదవండ్రి.

మేము ఇద్దరం. ఒకరిది మహబూబాబాద్ దిక్కు లంబాడ తండా, ఇంకొకరిది ములుగు జిల్లా తాడ్వాయి దిక్కు కోయగూడెం. ఇంటర్‌ల హాస్టల్ దోస్తులం. డిగ్రీకి హనుమకొండ వస్తే హాస్టల్ సీటు దొరకలేదు. హసన్‌పర్తిల కిరాయి తక్కువ, కరీంనగర్ రోడ్డు మీద బస్సులకు కొదువ లేదు, అని అక్కడ రూం తీసుకున్నం. రూం వెనుక సందుల ఒక చాచా ఉంటడు. పెళ్ళి బరాత్‌లకు పోయే గుర్రాలు మూడున్నయి ఆయనకు. ముహూర్తాల రోజుల్ల పగ్గం పట్టి నడిచే మనుషులు కావాలె. రాత్రికి ఐదు వందలు, పెళ్ళి భోజనం. మా పరీక్ష ఫీజులు, సగం కిరాయి అట్లనే వెళ్ళినయి.

ఇంట్ల మాత్రం చెప్పలేదు. "పట్నం పంపింది చదువుకు, గుర్రం ముందట నడవటానికా" అంటరని భయం. బరాత్‌ల డీజే ముందు ఎగిరే పిల్లలు మమ్మల్ని "ఏయ్ గుర్రపోడా" అని పిలుస్తరు. పెళ్ళికొడుకుతో వంద ఫొటోలు దిగుతరు. ఒక్క ఫొటోల కూడా పగ్గం పట్టినోడి ముఖం ఉండదు, చెయ్యే ఉంటది. దానికి అలవాటు పడ్డం.

మూడింటిలో మోతీ అనే తెల్ల ఆడగుర్రం మాకు బాగా మాలిమి. చాచా దాన్ని నాందేడ్ జిల్లా మాలేగావ్ ఖండోబా జాతరల కొనుక్కొచ్చిండు. ఆ జాతరల గుర్రాల అంగడి పెద్దగ జరుగుతది. మన దిక్కు బరాత్ గుర్రాలు చాలా అక్కడి నుంచే వస్తయి. పోయిన శ్రావణంల ముహూర్తాలు మొదలైతయనంగ చాచా దానికి కొత్త నాల్లు కొట్టించిండు. నాల్ అంటే తెలుసు కదా, పుస్తకాల్ల లాడం అంటరు. నాలుగు రోజులకు మోతీ ముందటి కుడికాలు నేల మీద పెట్టలేకపోయింది. పెట్టి, తీసి, మళ్ళ పెట్టి. అయినా బరాత్‌లు ఒప్పుకున్నవి ఉన్నయి. రెండు బరాత్‌లు మేమే నడిపించినం. ఇది దాచుకునే ముచ్చట కాదు, అందుకే రాస్తున్నం. అది కుంటుతుంటే డప్పుల చప్పుడుకు బెదురుతున్నదని పెళ్ళోళ్ళకు చెప్పినం.

మూడో రోజు కాలు పట్టుకుంటే గిట్ట పొయ్యి రాయి లెక్క వేడిగ ఉంది. అప్పుడు పోయి పశువుల డాక్టర్ సారును తీసుకొచ్చినం. సారు మొదలు ధనుర్వాతం ఇంజక్షన్ ఇచ్చిండు. మేకు గుచ్చుకున్న గాయం నుంచి గుర్రాలకు ధనుర్వాతం చాలా తొందరగ వస్తదట, వస్తే బతకటం కష్టమట. తర్వాత నాల్ ఊడబీకితే ఒక మేకు బెజ్జం నుంచి నల్లటి చీము కారింది. మేకు గిట్ట గోడలో కాకుండ లోపల జీవం ఉన్న చోటికి దిగింది. నాల్ కొట్టినాయన తప్పు అది. కానీ సారు మిగిలిన మూడు కాళ్ళు ఎత్తి చూపించినంక మా తప్పు కూడా బయటపడ్డది. గిట్ట అడుగున పేడ గట్టిగ పట్టి, దాని కింద మెత్తగ కుళ్ళి, వాసన కొడుతున్నది. వానకాలమంత అది తడి పేడలనే నిలబడ్డది. రోజూ పొద్దున గిట్టలు గీకి శుభ్రం చేసే పని మాదే. పైన తోక దువ్వినం, జూలుకు పూసలు కట్టినం, కాలు ఎత్తి చూడలేదు.

సారు అన్నది: నాల్లన్నీ తీసేయండి, గిట్ట పెరగనియ్యండి, వట్టి కాళ్ళతోనే ఉంచండి, మూడు నెలలు బరాత్ వద్దు.

చాచాకు వ్యాను మీద ఫైనాన్స్ ఉంది. శ్రావణం పోతే కిస్తీ పోతది. ఆయన మంచోడే, కానీ అప్పు ఉన్నోడు. "మాలేగావ్ జాతర దాకా చూస్త, బాగు కాకపోతే అమ్మేస్త" అన్నడు. కుంటి గుర్రాన్ని కొనేటోళ్ళు ఎట్లాంటోళ్ళో మాకు తెలుసు. నొప్పి సూది పొడిచి బరాత్‌కు నడిపిస్తరు. మేము రెండు బరాత్‌లు ఏ సూదీ లేకుండనే నడిపించినం కదా, మాకు మాట రాలేదు. చివరికి "జాతర దాకా కూలి లేకుండ మేము చూసుకుంటం, అమ్మకు" అన్నం. శ్రావణం నుంచి జాతర దాకా నాలుగు నెలలు.

అట్ల గిట్ట గురించి నేర్చుకునుడు మొదలైంది. మనం గిట్ట అంటం, కొందరు డెక్క అంటరు, చాచా సుమ్ అంటడు. ఎన్నో ఏండ్ల సంది పశువుల నడుమ పెరిగినోళ్ళం, గిట్ట అంటే మొద్దు అనుకున్నం. కాదు. గుర్రం కాలుకు ఒక్కటే వేలు, మన నడిమి వేలు లాంటిది. ఆ వేలి కొన మీద అది నిలబడుతది. గిట్ట అంటే ఆ వేలి గోరు. మూడు నాలుగు క్వింటాళ్ళ బరువు నాలుగు గోర్ల మీద, అందులో సగం కన్నా ఎక్కువ ముందటి రెండిటి మీద. గోరు లెక్కనే గిట్ట కూడా పై నుంచి కిందికి, నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతది. పై అంచు నుంచి ముందు కొన నేలకు రావాలంటే దగ్గర దగ్గర ఏడాది.

కాలు ఎత్తి కింద చూస్తే నడిమిట్ల మూడు మూలల మెత్తటి భాగం ఉంటది. చాచా దాన్ని పుత్లీ అంటడు. కాలు నేలకు ఆనినప్పుడల్లా మడమ కొంచెం విచ్చుకుంటది, పుత్లీ అదురును తీసుకుంటది, రక్తం పైకి పోవటానికి తోడ్పడుతది. ఇనుప నాల్ మేకులతో బిగిస్తే ఆ విచ్చుకునుడు తగ్గుతది. మరి నాల్ ఎందుకు పుట్టింది? గట్టి బాటల మీద, బరువు పనిల, గిట్ట పెరిగే దానికన్నా అరుగుడు ఎక్కువైతే కాపాడటానికి. అంటే నాల్ చెడ్డది కాదు. నాల్ కొట్టినం కదా అని గిట్టను మరిచిపోవుడు చెడ్డది.

ఫోన్ల వెతికితే చాలా దొరికినయి. అమెరికాల జైమీ జాక్సన్ అనే నాల్‌బంద్ 1982 నుంచి 1986 దాకా అడవి గుర్రాల వెంట తిరిగి, ఎవరూ కొయ్యకుండనే వాటి గిట్టలు ఎట్ల పొట్టిగ, గుండ్రటి అంచుతో ఉన్నయో చూసిండు. 1992ల దాని మీద పుస్తకం రాసి, నాల్ లేకుండ గిట్ట చెక్కే పద్ధతి ప్రచారం చేసిండు. కానీ ఇది కొత్త ముచ్చటేం కాదు. రెండు వేల మూడు వందల ఏండ్ల కింద జెనొఫొన్ అనే గ్రీకు గుర్రపు దళపతి, గుర్రాన్ని కట్టే చోట నాలుగైదు బండ్ల గుండ్రాళ్ళు పోయించండి, వాటి మీద నిలబడితే గిట్ట గట్టిపడుతది అని రాసిండు. అప్పటికి ఆ దేశంల మేకులతో కొట్టే నాల్ లేదు.

మన ఓరుగల్లు సంగతి కూడా చదివినం. 1310ల మాలిక్ కాఫూర్ కోటను ముట్టడించి ప్రతాపరుద్రుని దగ్గర తీసుకపోయిన కప్పంల 7,000 గుర్రాలున్నయని బరనీ రాసిండు. అంతకు కొన్నేండ్ల ముందు వచ్చిన మార్కో పోలో, దక్షిణాన తమిళ తీరం రాజులు ఏటా వేల గుర్రాలు సముద్రం మీద తెప్పించుకుంటరనీ, చూసుకునుడు తెలియక అవి చచ్చిపోతయనీ రాసిండు. ఇంకో మాట కూడా రాసిండు: గుర్రాలమ్మే వర్తకులు నాల్‌బందులను అటు పోనియ్యరట. గుర్రాలు బతికితే వాళ్ళ బేరం తగ్గుతది కదా! ఇది చదివి మేము చాలాసేపు మాట్లాడుకున్నం. తెలివి ఒకరి చేతుల ఉంటే ఇంకొకరు ఎప్పుడూ కొనుక్కునుడే.

ఆ తెలివి మనకు లేదా అంటే ఉండె. లంబాడోళ్ళ తాతలు లదేణి చేసినోళ్ళు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం తిరిగినోళ్ళు. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ బతుకు పోయింది. ఎద్దు గిట్ట రెండుగ చీలి ఉంటది, ఒక్క ఎద్దుకు ఎనిమిది నాల్లు పడతయి. పండబెట్టి కాళ్ళు కట్టి కొట్టుడు మా చిన్నప్పుడు అంగట్ల చూసినం. పాడేరు దిక్కు నుంచి వచ్చిన ఒక మిత్రుడు, కొండ మీది వాళ్ళ ఊరికి సంత సరుకులన్నీ గుర్రాల మీదనే పోతయనీ, వాళ్ళ ఇంటి గుర్రానికి పుట్టినకాడి నుంచి నాల్ కొట్టలేదనీ చెప్పిండు. ఆ రాళ్ళ బాటనే దాని గిట్టను అరగదీస్తదట.

ఇక పని. మొదటి రెండు వారాలు సారు చెప్పినట్టు గాయం కడుగుడు, మందు పెట్టి గుడ్డ కట్టుడు, పొడి నేల మీద నిలబెట్టుడు. కొట్టంల పేడమన్ను తవ్వి తీసి, సగం జాగల సన్న గుండ్రటి కంకర పోసినం. ఒక ట్రాలీ కంకరకు మా దగ్గరున్న పైసలన్నీ అయిపోయినయి. రోజూ రెండు పూటలా గిట్టలు గీకినం. శనగలు, బెల్లం తగ్గించి గడ్డి పెంచినం. దాణా ఎక్కువైతే కూడా గిట్ట లోపల వాపు వస్తదని అప్పుడే తెలిసింది.

ఐదు వారాలకు మొదటిసారి గిట్ట చెక్కినం. సారు పక్కన నిలబడి చూపించిండు. గిట్ట కొనను కత్తిరించే పెద్ద పట్టకారు, కొస వంగిన కత్తి, పొడుగు ఆకురాయి, ఇవే పనిముట్లు. గోడ ఎక్కువ పెరిగిన కాడనే తీయాలె. అడుగు భాగాన్ని, పుత్లీని చెక్కవద్దు, ఊడిపోయే పెచ్చులు మాత్రమే తీయాలె. మడమలు రెండు సమానంగ ఉండాలె. చివరికి అంచును ఆకురాయితో గుండ్రంగ రుద్దాలె, లేకపోతే పెచ్చులు లేస్తది. "ఎంత తీయాలె సార్?" అంటే, "అనుమానం వచ్చిన కాడ ఆపాలె. తక్కువ తీస్తే వచ్చే వారం తీయొచ్చు, ఎక్కువ తీస్తే అతికించలేవు" అన్నడు.

ప్రతి ఆదివారం గిట్ట పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీసినం. మేకు బెజ్జం ఒక్కో వారం కొంచెం కొంచెం కిందికి దిగుతున్నది. పైన కొత్త గిట్ట నున్నగ, ఒక గీత లెక్క వేరుగ కనబడుతున్నది. ఆ గీత కోసమే ఆదివారం ఎదురుచూసేటోళ్ళం. నడుమల ఒకసారి మళ్ళ కుంటింది. ఆ రాత్రంత దాని దగ్గరనే ఉండి, తెల్లారి మాలో ఒకరు పరీక్షకు ఆలస్యమైనం. ఆ పేపర్ పోయింది. బ్యాక్‌లాగ్. ఇది గొప్ప అని చెప్తలేము. ఒకరు ఉండి ఒకరు పోతే సరిపోయేది, ఆ తెలివి అప్పుడు రాలేదు.

మూడో నెల దాటినంక ఒక సాయంత్రం మోతీ కంకర మీద నుంచి తనంత తానే నడిచి నీళ్ళ తొట్టి కాడికి పోయింది. ఆగి చూసుకోలేదు, కాలు ఎత్తి పట్టలేదు. మేము పిలిస్తే చాచా వచ్చిండు. రెండుసార్లు అటూ ఇటూ నడిపించి చూసిండు. ఏం అనలేదు. జాతరకు ఒక్కడే పోయిండు.

ఆ నడుమనే ఇంకోటి జరిగింది. మాలో ఒకరి బాపు చెప్పకుండ హసన్‌పర్తి వచ్చిండు. రూంకు తాళం ఉంటే పక్కింటోళ్ళు వెనుక సందు చూపించిన్రు. ఆయన వచ్చేసరికి మేము మోతీ కాలు మోకాళ్ళ నడుమ పెట్టుకొని ఆకురాయి రుద్దుతున్నం. చేతులకు పేడ, నెత్తిన గిట్ట పొట్టు. ఏడాది దాచింది ఒక్క నిమిషంల బయటపడ్డది. తిడుతడనుకున్నం. ఆయన చెప్పులు ఇడిచి వచ్చి మోతీ మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డడు. కాసేపు చూసి, "మీ తాత ఎద్దుకు ఇట్లనే చేస్తుండె. రుద్దుండ్రి, ఇది కదలదు" అన్నడు. మోతీ నిజంగనే కదలలేదు. ఆ రాత్రి బ్యాక్‌లాగ్ సంగతి కూడా చెప్పినం. దానికి మాత్రం తిట్టిండు.

ఇప్పటి పరిస్థితి ఉన్నది ఉన్నట్టు చెప్తం. మాఘం నుంచి మోతీ వట్టి కాళ్ళతోనే బరాత్‌లకు పోతున్నది, కానీ దగ్గరి ఊర్లకు, తక్కువ దూరానికి. ఎర్రగట్టు గుట్ట దాటి పెద్ద తారు రోడ్డు బరాత్‌లకు పంపం. చాచా ఇంకో గుర్రానికి కూడా నాల్లు తీసి చూసినం. దాని గిట్ట అడుగు పల్చన, నెల దాటినా రాళ్ళ మీద నడవలేకపోయింది. సారు చూసి మళ్ళ నాల్ కొట్టించమన్నడు, కొట్టించినం. గిట్టకు తొడిగే రబ్బరు బూట్లు ఉంటయి, వాటి ధర మాకు అందలేదు. అన్ని గుర్రాలకు ఒక్క మందు లేదు. అయితే నాల్ ఉన్నా లేకున్నా ఐదారు వారాలకొకసారి గిట్ట చూసి సరిచేసుడు మాత్రం మూడింటికీ తప్పదు. అది ఇప్పుడు మా పని. చాచా దానికి కూలి ఇస్తున్నడు, బరాత్ కూలి కన్నా ఎక్కువనే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇండ్లల్ల ఎద్దులుంటయి, మేకలుంటయి. వానకాలం పొద్దున ఒక్కసారి కాళ్ళు ఎత్తి చూడండ్రి. వాసన వస్తున్నదా, గిట్ట వేడి ఉన్నదా, ఒక పక్కకు ఎక్కువ పెరిగిందా. కత్తి పట్టే ముందు మాత్రం డాక్టర్‌కు చూపించుండ్రి, మేము కూడా సారు లేకుండ మొదలుపెట్టలేదు. పదో తరగతి అయినోళ్ళకు రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది, వరంగల్ మామునూరులనే పశువైద్య కళాశాల ఉంది. మన పిల్లలు అటు పోవాలె. పశువును చూసే కన్ను మనకు ఇంట్లనే ఉన్నది.

ఆ బ్యాక్‌లాగ్ పేపర్ వచ్చే నెల ఉంది. ఈసారి ఒకరు గుర్రం కాడ ఉంటం, ఒకరు పరీక్షకు పోతం.