మా అమ్మమ్మ క్యాలెండరు

మాది పాడేరు ఏజెన్సీ. మా అమ్మమ్మకి చదువు రాదు, ఇంట్లో క్యాలెండరు లేదు. అయినా ఏ నెల్లో ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. చలి తగ్గుతుంటే కొండచీపుర్లు కోస్తాం. ఎండల్లో అడ్డాకులు, చింతపండు. చైత్రంలో ఇటుకల పండగ అయ్యాకే విత్తనాలు చల్లుతాం. మామిడికొత్త చెయ్యందే మామిడికాయ ముట్టం.

"పిందెలే తెంపేస్తే టెంకలెలా ముదుర్తాయే?" అంటాది అమ్మమ్మ. ముదిరిన టెంకపప్పు ఎండబెట్టి, చేదు పోయేలా కడిగి, పిండి చేస్తాం. వానల్లో గింజలు అయిపోతే ఆ అంబలే తిండి. ఇదీ సైన్సే కదా!

కొర్రకొత్త నాడు ఇంటిల్లిపాదీ కలిసి తినాలి. 3 ఏళ్ల నుంచి ఆ రోజు నేను హాస్టల్లోనే ఉన్నాను. వార్డెన్ మేడమ్ గారూ, ఈసారి ఆ ఒక్కరోజు మమ్మల్ని ఇంటికి పంపండి. మర్నాడు ప్రేయరు గంటకల్లా వచ్చేస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని