ఫోనులో పనుల చిట్టా – కంటికి కునుకు

మీకు నిద్ర సరిగ్గా పడుతోందా? ఈ ప్రశ్న వేయగానే చాలామంది, “పడుతుందండీ, కాని రెండు గంటలకల్లా మెలకువ వచ్చేస్తుంది” అంటారు. ఎందుకని అడిగితే, “ఏదో పని మరిచిపోయినట్టు అనిపిస్తుంది” అంటారు. ఈ జవాబు ఈ మధ్య నాకు ఎక్కువగా వినిపిస్తున్నది ఆఫీసులకు వెళ్ళేవారి నోట కాదు. ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని నలుగురి దగ్గర పని తెచ్చుకుని చేసుకునేవారి నోట. వీరినే ఫ్రీలాన్సర్లు అంటున్నారు.

వీరు హైదరాబాదులోనే ఉంటారనుకోకండి. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ ఊళ్ళలో వీధికొకరు కనిపిస్తున్నారు. ఒకరు దుకాణాల లెక్కలు రాస్తారు. ఒకరు పెళ్ళి పత్రికలు, ఆల్బములు తయారుచేస్తారు. ఒకరు అనువాదాలు చేస్తారు. ఉద్యోగికి ఒక్కడే ఆఫీసరు. వీరికి పని ఇచ్చిన ప్రతివాడూ ఆఫీసరే! ఒకరు వాట్సాప్‌లో చెబుతారు, మరొకరు ఫోన్ చేస్తారు, ఇంకొకరు ఈమెయిల్ పంపుతారు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవలసింది ఒక్క బుర్ర.

గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో బొగ్గుగని కార్మికుడి సంగతి చూడండి. కష్టమైన పనే, ప్రమాదమూ ఉంది. అయినా అతని పనికి షిఫ్టు ఉంది. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు బయటికి రావాలో తెలుసు. ఇంటి దగ్గర పనిచేసేవారికి షిఫ్టు లేదు. భోజనం ముందు ఒక గంట, భోజనం తరువాత రెండు గంటలు, అందరూ పడుకున్నాక మరో గంట – ఇలా పని రోజంతా సాగుతూనే ఉంటుంది.

దీని ఫలితం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం వచ్చే అవకాశం సుమారు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే అవకాశం సుమారు 17 శాతం ఎక్కువని తేల్చాయి. మీరు వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారు? తెలియదంటారా? అదే అసలు చిక్కు!

చేటలో ఉన్నంతే పని

ఇంటి దగ్గర పని మన ప్రాంతానికి కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుట్టి సంసారాలు నడిపారు, ఇప్పటికీ నడుపుతున్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎన్ని చుడితే అంత డబ్బు, చుట్టని రోజు కూలి లేదు. ఫ్రీలాన్సు పని కూడా ఇదే కదా!

బీడీ పనిలో నడుము నొప్పి ఉంది, పొగాకు దుమ్ము ఉంది. దాన్ని నేను పొగడబోవడం లేదు. కాని ఒక్క సంగతి మాత్రం గమనించండి. ఆ ఇల్లాలి ముందు ఒళ్ళో చేట ఉంటుంది. కత్తిరించిన తునికాకు, తంబాకు అందులో ఉంటాయి. చేటలో ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది. అది ఖాళీ అయిందంటే ఈ పూటకు పని అయింది. ఎన్ని కట్టలు ఇచ్చిందీ లెక్క పుస్తకంలో ఉంటుంది. పని చేతుల్లో ఉంటుంది, లెక్క పుస్తకంలో ఉంటుంది. రెండింటినీ తలలో మోయనక్కరలేదు.

కంప్యూటరు పని చేసుకునేవారికి ఈ చేట లేదు. ఆ చేటను మనమే తయారుచేసుకోవాలి. పనుల జాబితా రాసుకునే యాప్ చేయవలసిన పని ఇంతే.

రాస్తే నిద్ర ఎందుకు పడుతుంది?

సగంలో ఆగిన పని మనసును పట్టి లాగుతుందని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లో ప్రయోగాలు చేసి 1927లో ప్రకటించారు. తరువాత చేసినవారికి అందరికీ అదే ఫలితం రాలేదు. అయితే 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు ఒక ఉపయోగకరమైన విషయం చూపించారు. పూర్తికాని పని వేరే పనిలో ఉన్నప్పుడు కూడా తలలో మెదులుతుంది. కాని ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్ణయించుకుంటే చాలు, పని పూర్తి కాకపోయినా ఆ మెదలడం తగ్గుతుంది!

అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ స్కల్లిన్ బృందం 2018లో మరో ప్రయోగం ప్రచురించింది. 57 మంది యువతీయువకులను పడుకునేముందు 5 నిమిషాలపాటు రాయమన్నారు. సగంమంది చేసేసిన పనులు రాశారు, సగంమంది చేయవలసిన పనులు రాశారు. చేయవలసినవి రాసినవారు సగటున సుమారు 9 నిమిషాల ముందుగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్రపట్టింది. ఇది చిన్న ప్రయోగమే. కాని ఖర్చు లేనిది, హాని లేనిది. ప్రయత్నిస్తే పోయేదేముంది?

ఏ యాప్ మంచిది?

జగిత్యాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. దుకాణాల లెక్కలు, పన్నుల కాగితాలు ఇంటి దగ్గరే చూస్తుంది. గుండె దడ, నిద్రలేమి. గుండె పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, రక్తపరీక్ష – అన్నీ మామూలుగా ఉన్నాయి. “పని ఎక్కువైందా అమ్మా?” అని అడిగాను. “పని తక్కువనే సార్, యాది పెట్టుకునుడే ఎక్కువైంది” అంది. ఫోను చూస్తే అందులో పనులు రాసుకునే యాప్‌లే నాలుగున్నాయి! ఒకదానిలో సగం, మరొకదానిలో సగం. ఏది ఎక్కడ రాసిందో వెతుక్కోవడం ఐదో పని అయింది.

ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మందుల షాపులో ఉన్న మందులన్నీ మన జబ్బుకు కాదు. యాప్‌లూ అంతే. ఈ ఐదు సంగతులు చూసుకోండి.

ఒకటి: తెరిచి ఒక పని రాయడానికి పది సెకన్లకు మించి పట్టకూడదు. ఎక్కువ పడితే వారం తరువాత మానేస్తారు.

రెండు: నెట్ లేకపోయినా పనిచేయాలి. ఉట్నూరు వైపు ప్రయాణంలో సిగ్నల్ పోయిందని చిట్టా కూడా పోకూడదు.

మూడు: తెలుగులో రాసుకునేందుకు వీలుండాలి. మనకు ఆలోచన వచ్చిన భాషలోనే రాసుకుంటే తికమక ఉండదు.

నాలుగు: “ఈ రోజు” అనే పేజీ విడిగా ఉండాలి. మొత్తం నలభై పనులు రోజూ కళ్ళముందు ఉంటే ధైర్యం చెడుతుంది.

ఐదు: రాసినదంతా బయటికి తీసి దాచుకునే వీలుండాలి. వండర్‌లిస్ట్ అనే యాప్‌ను లక్షలమంది వాడేవారు. 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే నెలలో మూసేసింది. యాప్‌లకు కూడా ఆయుష్షు ఉంటుంది!

ఒంటరిగా చిన్న చిన్న పనులు చేసుకునేవారికి గూగుల్ టాస్క్స్ సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ టు డూలో “నా రోజు” అనే పేజీ ప్రతి ఉదయం ఖాళీగా మొదలవుతుంది. ఆ రోజు పనులు మీరే ఎంచి అందులో వేసుకోవాలి. అచ్చం చేట నింపుకున్నట్టే! పెళ్ళి ఆల్బములవంటి పని నాలుగైదు దశల్లో సాగుతుంది కాబట్టి, అటువంటివారికి ట్రెల్లో బాగుంటుంది. ఒక్కో పనికి ఒక్కో చీటీ; పని ముందుకు సాగినకొద్దీ చీటీని పక్క వరుసలోకి జరుపుతారు. ఇవేవీ వద్దనుకుంటే రూపాయల ఖర్చుతో వచ్చే నోటు పుస్తకం ఉండనే ఉంది. ఏదైనా ఒక్కటే పెట్టుకోండి, రెండు వద్దు.

మాత్ర కూడా పనే!

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మంచిర్యాల నుంచి వచ్చే ఒకాయన వీడియోలు ఎడిటింగు చేస్తారు. ఆయన చిట్టా చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క పని తప్పదు. కాని ఆ రోజు రక్తపోటు 170/104 ఉంది. “మాత్రలు వేసుకుంటున్నారా?” అంటే, “పనిల పడి గోలీ మరిచిపోతున్న సార్” అన్నారు. వీడియో చిట్టాలో ఉంది, గోలీ లేదు!

పక్షవాతం వస్తే ఫ్రీలాన్సరుకు జీతంతో కూడిన సెలవు ఎవరిస్తారు? ఆ పని చేసే చెయ్యే పడిపోతే ఇల్లు ఎలా గడుస్తుంది? అంచేత చిట్టాలో మొట్టమొదట ఎక్కవలసినవి ఒంటి పనులు. బి.పి., షుగరు మాత్రల వేళ, రోజుకు అరగంట నడక, వేళకు భోజనం, పరీక్షల తేదీ. వీటికి గంట మోగేటట్టు పెట్టుకోండి. ఇరవై నిమిషాలకోసారి తెర మీదనుంచి చూపు తిప్పి, ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి; కళ్ళకు విశ్రాంతి. మిగిలిన పనులకు గంట వద్దు. అస్తమానం మోగే ఫోను చిట్టా కాదు, పోరు!

రోజు ఇలా నడుపుకోండి. ఉదయం కాఫీ తాగాక “ఈ రోజు” పేజీలో పెద్ద పనులు మూడు, చిన్నవి మూడు వేసుకోండి. పని అనేటప్పుడు “రెడ్డిగారి లెక్కలు” అని కాకుండా, “రెడ్డిగారి జూన్ బిల్లులు – పదకొండు గంటలకు” అని రాయండి. రావలసిన డబ్బు కూడా రాయండి. రాత్రి మెలకువకు అదీ ఒక కారణమే. సాయంత్రం ఒక వేళ నిర్ణయించి పని కట్టేయండి. పడుకునేముందు రేపటి పనులు ఐదు నిమిషాలు కాగితం మీద రాసి, ఫోను పక్క గదిలో పెట్టండి. ఉదయం ఆ కాగితం చూసి యాప్‌లోకి ఎక్కించుకోవచ్చు. పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి.

జగిత్యాల అమ్మాయి నెల తరువాత వచ్చింది. యాప్ ఒక్కటే ఉంచింది. దడ పూర్తిగా పోలేదు కాని రాత్రి లేవడం తగ్గిందని చెప్పింది. నెలకు అంత గుణం చాలు.

అన్ని నిద్రలేములూ చిట్టాతో పోవు. వారంలో మూడు రాత్రులకు మించి నిద్ర కరవై, అది మూడు నెలలు సాగితే డాక్టరుకు చూపించుకోండి. ఏ పనిమీదా ఇష్టం లేక, బతుకు భారమనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఈ నంబరు కూడా మీ చిట్టాలో ఒక మూల రాసిపెట్టుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు. మీ ఇంటి పక్కవారికి రావచ్చు.