బొంతకు అస్తరు

అమ్మీ మరణించిన రెండు నెలలకు ఆమె సందూకు తెరిచాము. అందులో సగం కుట్టిన బొంత కనిపించింది. పైభాగం పూర్తయింది. అబ్బా లుంగీ ముక్కలు, నా చిన్ననాటి కుర్తా, ఆపా ఓణీ, వాటి మధ్య పాత చీరల అంచులు. కిందవైపు వేయవలసిన అస్తరు మాత్రం లేదు.

చలికాలానికి ముందే దాన్ని పూర్తి చేయాలని నా శ్రీమతి సంకల్పించింది. అస్తరుకు ఏ బట్ట తగినది? మా వేములవాడకు సిరిసిల్ల దగ్గరే. అక్కడి మరమగ్గాల మీద పాలిస్టరూ నేస్తారు, నూలు బట్టా నేస్తారు. పాలిస్టరు త్వరగా ఆరుతుంది. అయితే చెమట పీల్చదు, కుట్టేటప్పుడు పొరల మీద జారుతుంది. ఒంటికి తగిలేది అస్తరే గనుక నూలుబట్టే మేలు. కొత్తదైతే ముందుగా తడిపి ఆరబెట్టాలి. లేకుంటే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి పైభాగాన్ని ముడతలు పెడుతుంది. నేత మరీ చిక్కనైతే చేతిసూది దిగదు. నాలుగు వైపులా నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువ ఉంచి, అంచును పైకి మడిచి కుట్టాలి. ఇవన్నీ అమ్మీ పక్కన కూర్చుని నేర్చుకున్నవే. దైవప్రవక్త (స) తమ దుస్తులను స్వయంగా కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అందుకే సూది పట్టడాన్ని నేనెన్నడూ చిన్నతనంగా భావించలేదు.

సందూకులోనే అమ్మీ కట్టిన నీలిరంగు నూలుచీర ఉంది. ఎన్నో ఉతుకులతో మెత్తబడింది. “ఇదే అస్తరు” అన్నాను. నా శ్రీమతి ఒక్క క్షణం ఆగి, “ఆపాను అడిగారా?” అన్నది.

పాత చీరకు అనుమతి ఎందుకన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ మద్రసాలో ‘సిరాజీ’ గ్రంథం బోధించేవాణ్ణి నేనే. కఫను ఖర్చు, అప్పులు, వసీయతు పోగా మిగిలిన ప్రతి వస్తువులోనూ వారసులందరికీ హక్కు ఉందని విద్యార్థులకు చెప్పేవాణ్ణీ నేనే. ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో స్త్రీలకు వాటా ఉందని అన్‌నిసా సూరా 7వ ఆయతు నిర్ణయించింది.

కోరుట్లలో ఉన్న ఆపాకు ఫోన్ చేశాను.

“తీసుకో భయ్యా” అన్నది. కాసేపు మౌనం. “చీరకు అడిగావు. ఇంటికి ఎన్నడూ అడగలేదు.”

నాకు జవాబు దొరకలేదు. అబ్బా పోయిన నాటినుంచి ఆ ఇంట్లో నేనే ఉంటున్నాను. ఆపా ఎన్నడూ నోరు తెరవలేదు గనుక ఆమెకు అక్కర లేదనుకున్నాను. మొహమాటంతో పాటించిన మౌనాన్ని మాఫీగా లెక్కకట్టుకున్నాను. మేమిద్దరమే సంతానం. అమ్మీ కూడా పోయాక లెక్క చాలా చిన్నది. మూడు భాగాలు, రెండు నావి, ఒకటి ఆమెది. విద్యార్థులకైతే నిమిషంలో చెప్పేవాణ్ణి.

ఆ నెలలోనే ఇద్దరు పెద్దల సమక్షంలో ఇంటి విలువ కట్టించి, ఆపా వాటాను కాగితం మీద రాయించాను. సగం చెల్లించాను. మిగిలినది వాయిదాల మీద ఇస్తున్నాను. ఆలస్యానికి ఆపాను క్షమాపణ అడిగాను, అల్లాహ్‌నూ వేడుకుంటున్నాను.

తర్వాత ఆపా వచ్చింది. నీలిచీర పరిచి ముగ్గురం కూర్చుని బొంత కుట్టాము. పూర్తయ్యాక దాన్ని ఆమె వెంట కోరుట్లకే పంపాను.

సోదరులారా! మీ ఇంటి ఆడపడుచులు అడగలేదంటే వదులుకున్నారని అర్థం కాదు. వారు అడగకముందే లెక్క తేల్చండి.