మీట నొక్కని మిషను

మేముండే వాటాకు కింద, వీధిలోకి, ఒక పెద్దాయన కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. ఆయన పుట్టింది ఇక్కడే. తాతగారు కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బియ్యం మూటలు మోశారట. 1989లో ఈ ఊరి పేరు యాంగోన్ అని మార్చినా ఆయన నోటికది రంగూనే, ఆయన సావాసాన మాకూ రంగూనే.

కూల్‌డ్రింకుల కొట్టు అంటే ఫ్రిజ్‌లు, ఫ్రిజ్‌లంటే కరెంటు. ఇక్కడ 2021 తరువాత కోతలు ముదిరి, కరెంటు ఉన్న గంటలకన్నా లేని గంటలే ఎక్కువైన రోజులు చాలా చూశాం. కోత మొదలు కాగానే వీధి పొడుగునా పేవ్‌మెంటు మీద జనరేటర్లు ఒకదాని తరువాత ఒకటి గొంతెత్తుతాయి. పెద్దాయన లాభమంతా ఆ పెట్రోలు పొగలోనే పోతోంది.

ఒక సాయంత్రం ఆయన మేడ మీదికి వచ్చి, ఫోనులో ఒక ఫోటో మా ముందు పెట్టారు. "బాబూ, మీరు కరెంటు సదువులు సదివినోళ్ళు. ఇది నిజమేనా కాదా, సూసి సెప్పండి."

ఫోటోలో ఒక వింత వస్తువు ఉంది. రెండు అరచేతులను దోసిలిలా వంచి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి ఎదురెదురుగా పెడితే ఎలా ఉంటుందో అలాంటి ఆకారం. అయితే ఆ చేతులు ఇనుపవి, ఇంటికన్నా పెద్దవి. వాటి దగ్గర నిలబడ్డ మనుషులు చీమల్లా ఉన్నారు. ఈ ఫోటో చూపించి ఒక కుర్రాడు పెద్దాయనకు చెప్పిన కథ ఇదీ: అమెరికావాళ్ళు నీళ్ళతో కరెంటు తీసే యంత్రం కట్టారు. 1986లో మీట నొక్కబోయే రోజున చమురు కంపెనీలు అడ్డుపడి తాళం వేయించాయి. ఇప్పుడు దాని నమూనా బయటికి వచ్చింది. అదే పద్ధతిలో, పెట్రోలు అక్కర్లేని చిన్న అయస్కాంతాల మిషను ఆ కుర్రాడు చేసి ఇస్తాడు. అడ్వాన్సు పదిహేను లక్షల చాట్లు. (బర్మీయులు కూడా మనలాగే లక్షల్లో లెక్కపెడతారు, మోసాలకు సైతం.)

మేమిద్దరం ముందు నవ్వాం. నవ్వడం తప్పని ఆయన ముఖం చూశాక తెలిసింది. ఆ పదిహేను లక్షలూ బామ్మగారి గాజులు కుదువ పెట్టి తేవాలి.

చిక్కు ఏమిటంటే ఆ కథలో మొదటి సగం నిజం. ఫోటోలోది కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో మిర్రర్ ఫ్యూజన్ టెస్ట్ ఫెసిలిటీ అనే యంత్రం కోసం చేసిన అయస్కాంతం. చైనావారి యిన్, యాంగ్ బొమ్మలా రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి గనుక దానికి యిన్‌యాంగ్ అయస్కాంతమని పేరు. బరువు దాదాపు 375 టన్నులు. మొత్తం యంత్రం పొడుగు దాదాపు 200 అడుగులు. దాని మీద పెట్టిన ఖర్చు 37 కోట్ల 20 లక్షల డాలర్లు. 1977లో మంజూరై, తొమ్మిదేళ్ళు కట్టి, 1986 ఫిబ్రవరి 21న ప్రారంభోత్సవం చేశారు. ఆ పూట వేసిన తోరణాలు వాడకముందే నడపబోమని తేల్చారు. అందులో ఒక్క ప్రయోగమూ జరగలేదు.

పెద్దాయనకు ఎలా చెప్పాలా అని ఆలోచించి, బామ్మగారు మనవడి కోసం పెట్టుకున్న పిప్పరమెంటు బిళ్ళను అడిగి తీసుకున్నాం. సూర్యుడు వెలిగేది చిన్న పరమాణు కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం వల్ల. ఆ పని భూమి మీద చేయాలంటే హైడ్రోజన్ జాతి వాయువును పదికోట్ల డిగ్రీల దాకా వేడెక్కించాలి. అంత వేడిని భరించే కుండ లేదు. అందుకని అయస్కాంత బలంతోనే కుండ కట్టాలి. లివర్‌మోర్‌వారి కుండ ఈ పిప్పరమెంటు కాగితంలాంటి గొట్టం. నడుమ ఉబ్బు, రెండు చివరలా మెలి. మెలి ఉన్నచోట అయస్కాంత బలం ఎక్కువ, కాబట్టి అక్కడిదాకా వచ్చిన కణం అద్దానికి తగిలిన వెలుగులా వెనక్కి తిరుగుతుంది. మిర్రర్ అనే పేరు అందుకే. అయితే సూటిగా దూసుకువచ్చే కణాలు మెలిలోంచి జారిపోతూనే ఉంటాయి. 1976లో లివర్‌మోర్‌లోనూ, సోవియట్ దేశంలో నోవోసిబిర్‌స్క్‌లోనూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ఈ కారడానికి ఒక ఉపాయం తోచింది: చివర ఒక్కొక్కచోట మరో చిన్న పొట్లం పెట్టి బిరడా బిగించడం. ఫోటోలోని అయస్కాంతం ఆ బిరడా.

"మరి బిరడా పెట్టేరు గదా. ఎందుకాపేరు?"

అప్పటికి ఇంకో కుండ ముందుకు వచ్చింది. గొట్టానికి చివరలుంటేనే కదా కారడం? ఆ చివరలు రెండూ కలిపేస్తే గారె అవుతుంది, కారడానికి కొస ఉండదు. రష్యావారి టోకమాక్ అదే. 1982లో ప్రిన్స్‌టన్‌లో, 1983లో ఇంగ్లండులో పెద్ద గారెలు పని మొదలుపెట్టాయి. చిన్న యంత్రాల మీద చేసిన పరీక్షల్లో లివర్‌మోర్ బిరడా అనుకున్నంత గట్టిగా నిలవలేదు. 1985 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం లోటు బడ్జెటు తగ్గించే చట్టం తెచ్చింది. ఫ్యూజన్ పద్దులో కోత పడింది. రెండు కుండలను పోషించలేక గారెను ఉంచుకున్నారు. చమురు కంపెనీల మాటలో నిజం ఏమైనా ఉంటే ఇంతే: 1980ల నడుమ చమురు ధర పడిపోయేసరికి, చమురుకు బదులు వెదకాలనే ఆత్రం కూడా చల్లారింది. అందుకు ఎవరూ ఎవరి చెవిలోనూ ఊదనక్కర్లేదు.

మేమింత చెప్పాక పెద్దాయన కాసేపు ఊరుకుని, "తొమ్మిదేళ్ళు కట్టి, అంత డబ్బు పోసి, ఒక్కసారైనా మీట నొక్కకుండా తాళమేసేరా? బాబూ, మీరు సెప్పిందానికన్నా ఆ కుర్రోడు సెప్పిందే నమ్మేలాగుంది" అన్నారు.

నిజమే. దుర్మార్గుడున్న కథకు తలా తోకా ఉంటాయి. జమాఖర్చుల పద్దులో ఆగిపోయిన కథకు ఏముంటుంది?

ఆయన అంతటితో ఆగలేదు. "ఇక్కడ మాత్రం? బాంబు మిసనుందన్నారు గదా" అని పాత సంగతి తీశారు. 2007లో రష్యావారు బర్మాకు 10 మెగావాట్ల పరిశోధక రియాక్టరు కట్టి ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. ఆ రియాక్టరు లేవలేదు. లేవని రియాక్టరు చుట్టూ పుకార్లు మాత్రం లేచాయి. 2010 జూన్‌లో, సైన్యం విడిచి వెళ్ళిన సాయ్ తెయిన్ విన్ అనే మాజీ మేజర్ తెచ్చిన ఫోటోలతో, అప్పట్లో ఓస్లో నుంచి నడిచిన డెమొక్రాటిక్ వాయిస్ ఆఫ్ బర్మా ఒక చిత్రం ప్రసారం చేసింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో పనిచేసిన రాబర్ట్ కెల్లీ ఆ ఫోటోలు చూసి, ఇవి అణ్వాయుధం వైపు వేసిన అడుగులని రాశారు. వాటిలో ఒకదాని పేరు బాంబ్ రియాక్టర్. ఆ పేరు వింటే ఎవరి గుండె ఆగదు? కానీ రసాయన శాస్త్రవేత్తల పరిభాషలో బాంబ్ అంటే గట్టి మూత బిగించి లోపల వేడి చేసే ఉక్కు పాత్ర. అలాంటిదానిలో యురేనియం లోహమూ తీయవచ్చు, మామూలు అరుదైన లోహాలూ తీయవచ్చు. కెల్లీ ఒకటన్నారు, మరికొందరు నిపుణులు రెండోది కావచ్చన్నారు. 2013 సెప్టెంబరులో ఈ దేశం అణు తనిఖీలకు మరింత వీలిచ్చే అదనపు ఒడంబడిక మీద సంతకం చేసింది. 2023 ఫిబ్రవరిలో రష్యావారి సాయంతో ఈ ఊళ్ళోనే అణు సాంకేతిక సమాచార కేంద్రం తెరిచారు. 2025 మార్చిలో 110 మెగావాట్ల చిన్న రియాక్టరుకు మరో ఒప్పందం కుదిరింది. కాగితాల మీద కాగితాలు. పెద్దాయన అన్నది మాకు నచ్చింది: "ఉందో నేదో తెలనిదానికి ఎవుడి మాటైనా సెల్లుద్ది."

ఆ మాటకు వస్తే ఆగిపోయిన యంత్రాల కోసం కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. ఈ ఊళ్ళో తాకేతలోను, ఏటికి అవతల పాతవాళ్ళు సిరియం అనే తాన్లిన్‌లోను, దిగుమతి గ్యాసుతో నడిచే విద్యుత్ కేంద్రాలు 2020లో కట్టారు. మరుసటి ఏడే ఆగిపోయాయి. గ్యాసు ధర పెరిగింది, చాటు విలువ పడిపోయింది. వాటి ఫోటో చూపించి ఎవరూ అడ్వాన్సు అడగరు. ఎందుకాగాయో అందరికీ తెలుసు గనుక వాటిలో మర్మం లేదు.

ఇక్కడ మా సంగతి కూడా ఒప్పుకోవాలి. 1955 ఆగస్టులో జెనీవాలో, అణుశక్తి శాంతియుత వినియోగాల మీద జరిగిన మహాసభకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తి మనిషి అదుపులోకి వస్తుందని జోస్యం చెప్పారు. 1980ల మొదట్లో, ఆ గడువు దాటిపోయాక కూడా, మేము కాలేజీ వక్తృత్వ పోటీలో దాన్నే వల్లించాం. 2000 సంవత్సరానికి బంగాళాఖాతం నీళ్ళతో ఇంటింటా దీపాలని గట్టిగా చెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నాం. లెక్క తప్పేమీ కాదు: ఒక లీటరు నీటిలో ఉండే డ్యుటీరియంలో దాదాపు 300 లీటర్ల పెట్రోలుకు సరిపడే శక్తి ఉంది. లేనిదల్లా కుండే. ఆ గ్లాసు ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. కుర్రాడి మాటలకు పెద్దాయన పడినట్టే పెద్ద పెద్ద పేర్లకు మేమూ పడ్డాం. తేడా ఏమిటంటే మమ్మల్ని ఎవరూ అడ్వాన్సు అడగలేదు.

మాకు ఎక్కువ కష్టమనిపించింది ఆయనకు ఈ తరువాతి ముక్క చెప్పడం. ఆ రోజు లివర్‌మోర్‌లో మీట నొక్కి ఉన్నా ఒక్క బల్బు వెలిగేది కాదు. అది కుండ నిలుస్తుందో లేదో చూసే యంత్రమే గాని, కరెంటు తీసే యంత్రం కాదు. ఆ అయస్కాంతాలను సున్నాకు 268 డిగ్రీలు కిందికి చల్లబరచడానికే బోలెడు కరెంటు కావాలి. అదే లివర్‌మోర్‌లో 2022 డిసెంబరు 5న, వేరే పద్ధతిలో, లేజర్లతో చిన్న గుండు మీద 2.05 మెగాజౌళ్ళు కుమ్మరించి 3.15 రాబట్టారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, కొట్టవలసిందే. కానీ ఆ లేజర్లు వైర్లలోంచి లాగింది 300 మెగాజౌళ్ళ వరకూ ఉంది. వచ్చిన 3.15 మన మీటరు లెక్కలో ఒక యూనిట్ కూడా కాదు. పెద్దాయన ఫ్రిజ్ ఒక పూట నడవదు.

ఎవరూ దాచిపెట్టలేదనడానికి ఇంకో రుజువు చెప్పాం. బిరడా గొట్టం పద్ధతిని జపాన్‌లో త్సుకుబా విశ్వవిద్యాలయంవారు ఆ తరువాత కూడా నడిపారు, నోవోసిబిర్‌స్క్‌వారూ వదల్లేదు. 2024 జులైలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కొత్తరకం అయస్కాంతాలతో అలాంటి చిన్న యంత్రం మళ్ళీ వెలిగింది. వాళ్ళ పత్రాలు ఎవరైనా చదువుకోవచ్చు.

ఇంతసేపు మేము గొంతు చించుకున్నది దేనికీ పనికిరాలేదు. పని జరిగింది బామ్మగారి వల్ల. ఆవిడ గిన్నెలు సర్దుకుంటూ, "ఆ కుర్రోడి కొట్లో దీపం ఏటితో ఎలుగుతాదో సూసేరా?" అన్నారు. మర్నాడు కోత వేళ చూసి పెద్దాయన వెళ్ళివచ్చారు. కుర్రాడి కొట్టు గుమ్మంలో పెట్రోలు జనరేటరు మోగుతోందట, అందరిదానిలాగే. కుర్రాడిని ఏమీ అనలేదు, అతని దగ్గరే ఒక టీ తాగి వచ్చేశారట. గాజులు బామ్మగారి చేతికే ఉన్నాయి. కొట్టుకు ఇప్పుడు చైనా బాటరీ ఒకటి, డాబా మీద నాలుగు సోలారు పలకలు వచ్చాయి. రెండు ఫ్రిజ్‌లలో ఒకటి నడుస్తోంది.

ఆ ఫోటోను మాత్రం పెద్దాయన తీసేయలేదు. అప్పుడప్పుడు తెరిచి చూస్తారు. మొన్న అడిగారు: "తొమ్మిదేళ్ళు సేసినోళ్ళున్నారు గదా బాబూ, ఆళ్ళు మర్నాడు పన్లోకెల్లేరా? ఏటి సేసేరు?" యంత్రం నిలిచిందా లేదా అని కాదు, ఆ మనుషులు ఏమయ్యారని. ఇంత వివరం చెప్పిన మాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

మన పాఠకుల్లో కాలిఫోర్నియాలో స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. ఆ రోజుల్లో లివర్‌మోర్‌లో పనిచేసినవారు గాని, వారి ఇరుగుపొరుగు గాని ఎవరైనా ఉంటే, ఆ ఫిబ్రవరి మర్నాడు ఎలా గడిచిందో నాలుగు ముక్కలు రాసి పంపండి. తెలుగులోనే రాయండి. కింది కొట్లో చదివి వినిపిస్తాం.